ఏరి పారేసిన గింజలు

బాన్సువాడలో మా అమ్మాయి చదివే బడికి ఒకరోజు దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చి పిల్లలందరి రక్తం చూసింది. తల్లులను కూడా రమ్మన్నారని నేను కుట్టుమిషన్ మీద జాకెట్టు సగంలో వదిలి వెళ్ళాను. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. నర్సమ్మ దాని వేలికి సూది గుచ్చి, చిన్న యంత్రంలో రక్తపు చుక్క పెట్టి చూసి, కింది రెప్ప లాగి చూసి, తల ఎత్తకుండానే అంది, "ఒంట్ల రక్తమే లేదు. ఇంట్ల తిండి పెడుతున్నవా లేదా పిల్లకు?"

నా వెనుక వరుసలో నిలబడ్డ తల్లుల్లో సగం మంది మా గల్లీ వాళ్ళే. ఆ మాట అందరికీ వినపడింది.

నేను ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయే మనిషిని కాను. మా పెద్దాడబిడ్డ కూతురి పెళ్ళిలో బంతిలో అందరికీ రెండోసారి కూర వేసి నన్ను దాటి పోయిన మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది. గల్లీలో దీపం వెలగకపోయినా, మోరీ నిండి రోడ్డు మీదికి వచ్చినా అర్జీ రాసేది నేనే. మునిసిపాలిటీలో నన్ను చూడగానే ఒకరికొకరు సైగ చేసుకుంటారని నాకు తెలుసు. సైగ చేసుకున్నా దీపం వెలిగింది. మోరీ మీద బండలు కూడా పడ్డాయి.

అయితే ఆ రోజు నా మనసులో నర్సమ్మ మాటకంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. మా పిల్ల ఖోఖో ఆడుతుంది. ఆడుతుంది అంటే మామూలుగా కాదు, నిద్రలో కూడా కాళ్ళు కదిలిస్తుంది. అంతకుముందు ఒకసారి ఆటలో కళ్ళు తిరిగి స్తంభం దగ్గర కూలబడింది. రక్తం సంగతి తెలిశాక ఆటల సారు నన్ను పక్కకు పిలిచి మెల్లగానే చెప్పాడు. "అక్కా, నర్సమ్మ మళ్ళ వస్తది. అప్పుడు రక్తం మంచిగుంటెనే జట్టుల తీసుకుంట. పడరాని చోట పడితే మాటొస్తది." ఆయన్ని తప్పు పట్టలేను. కానీ ఆ సాయంత్రం పిల్ల బడి సంచి మూలకు విసిరి, గోడ వైపు తిరిగి పడుకుంది. నర్సమ్మ మళ్ళీ వచ్చే లోపల దాని ఒంట్లో రక్తం పెరగాలి. నాకు వేరే ఏ పనీ లేదనుకున్నాను.

బడిలో ఇచ్చిన గోళీలు దగ్గర కూర్చొని మింగించాను. తోటకూర, పాలకూర, పల్లీలు, బెల్లం, రోజుకో గుడ్డు. మా ఆయన ఆటో కిరాయిల నుంచి వచ్చేటప్పుడు మేక కాలేయం పట్టుకొచ్చేవాడు, పిల్ల ముక్కు మూసుకొని తినేది. ఏది ఎన్ని పెట్టినా మా ఇంట్లో కడుపు నిండేది మాత్రం అన్నంతోనే. మూడు పూటలా అన్నమే. ఆ అన్నం మా అత్తమ్మ చేతిలో ఉండేది.

మా అత్తమ్మ చాట పట్టిందంటే గల్లీలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తారు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చొని చాట ఒక్క విసురు విసిరితే నూక ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు, వడ్లగింజ ఒక పక్కకు పోతుంది. చూపు తగ్గింది గానీ రాయిని వేలితోనే కనిపెడుతుంది. ఆమె ఏరిన బియ్యంలో రాయి తగిలిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. నా పెళ్ళయిన కొత్తలో మాత్రం ఒక చుట్టానికి అన్నంలో రాయి తగిలింది. ఆయన దాన్ని పక్కకు తీసి పెట్టి తింటూ పోయాడు. అత్తమ్మే లోపలి నుంచి వచ్చి అందరి ముందు చెప్పింది, "ఇయ్యాల బియ్యం నేనేరలే, కొత్త కోడలేరింది." ఆ చుట్టం చనిపోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం నా దగ్గర బతికే ఉంది.

ఆ రోజుల్లోనే రేషన్ బియ్యంలో తేడా గింజలు రావడం మొదలైంది. మిగతా బియ్యంలా మెరవవు, కొంచెం పసుపు తిరిగి, మైనం ముద్దలా ఉంటాయి. గుప్పెడు బియ్యంలో పదో పదిహేనో కనబడతాయి. కడిగితే కొన్ని నీళ్ళ మీద తేలుతాయి. ఎదురింటి ఆమె ఫోనులో వీడియో చూపించింది, అది ప్లాస్టిక్ బియ్యమట. అత్తమ్మ చాటను ముఖానికి దగ్గరగా పెట్టుకొని ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టింది. ఏరినవి కోళ్ళకు వేసేది. తేలినవి నీళ్ళతో పాటు వంపేది. బియ్యం అయిదారు నీళ్ళు కడిగేది. అన్నం ఉడికాక గంజి వంచి, దాన్ని పక్కింటి బర్రెకు పోసేది.

నాకూ అదే నిజమనిపించింది. ఇన్ని పెడుతున్నా పిల్లకు రక్తం ఎందుకు పట్టడం లేదా అని తల బద్దలు కొట్టుకుంటున్న రోజులవి. ప్లాస్టిక్ తింటే రక్తమెలా పడుతుంది? అత్తమ్మను అడిగి కొన్నాళ్ళ గింజలు కోళ్ళకు వేయకుండా ఒక డబ్బాలో దాచిపెట్టించి, ఆ డబ్బా తీసుకొని రేషన్ షాపుకు పోయాను.

డీలర్ సాబ్ నన్ను దూరం నుంచి చూసే తూకం యంత్రం సర్దుకున్నాడు.

"అక్కా, గోడౌన్ల నుంచి ఏ సంచి వస్తే గదే జోకి ఇస్త. నాకేం దెల్సు?"

"ప్లాస్టిక్ వచ్చినా జోకి ఇస్తవా?"

"బియ్యం కంటె ప్లాస్టికే పిరమక్కా. గంత నష్టపోయి ఎవడన్న కలుపుతడా? నువ్వే చెప్పు."

ఆ లెక్క విన్నాక కోపం ఇంకా పెరిగింది. ఇంటికి వచ్చి పెద్ద అర్జీ రాసి, డబ్బాతో సహా ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడ రేషన్ సప్లై చూసే సారు కుర్రవాడు. డబ్బా మూత తీసి, గింజలు అరచేతిలో పోసుకొని, కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇవి ఎవరేరిన్రమ్మా?"

"మా అత్తమ్మ."

"ఒక్కతేనా? మిషన్ గూడ గింత సాఫ్‌గ ఏరదు." తర్వాత నవ్వు ఆపుకొని చెప్పాడు. "ఇది బియ్యమేనమ్మా. నూకలు పిండి చేసి, దాంట్ల ఐరను, విటమిన్లు కలిపి, మళ్ళ గింజ తీరు చేస్తరు. పిల్లలకు, ఆడోళ్ళకు రక్తం పట్టాలె అని మామూలు బియ్యంల కొన్ని కొన్ని కలుపుతరు. మీరేమో మందు ఏరి పారేసి, రోగం తగ్గలేదని అర్జీ పెట్టిన్రు."

పక్క బల్ల మీద ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకున్న ఒకాయన గట్టిగా నవ్వాడు. ఎండాకాలం మొదలైనా ఆ స్వెట్టర్ విడవలేదు ఆయన.

"చెప్పకపోతె మాకెట్ల ఎర్కయితది సార్?" అన్నాను.

"రేషన్ షాపుల పోస్టర్ పెట్టినమమ్మా."

అక్కడి నుంచి నేరుగా మళ్ళీ షాపుకు పోయాను. పోస్టర్ ఉంది. బియ్యం సంచులు నిట్టనిలువుగా పేర్చిన గోడకు, ఆ సంచుల వెనుక ఉంది. పైన రెండు వేళ్ళ మందం అంచు మాత్రం కనబడుతోంది. సంచులు జరిపించాను. డీలర్ సాబ్ ఇద్దరు హమాలీలను పిలిచి జరిపించాడు, "నీతోని కాదక్కా" అనుకుంటూ. పోస్టరులో నవ్వుతున్న పిల్ల బొమ్మ, ఆ గింజల బొమ్మ, కింద అంతా వివరంగా తెలుగులో ఉంది. పోస్టర్లు మనుషుల కళ్ళ ఎత్తున, బయటి గోడకు అంటించాలని మరో అర్జీ రాశాను. దానికి జవాబు రాలేదు గానీ, మరుసటిసారి బియ్యానికి వెళ్తే పోస్టర్ తలుపు పక్కనే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అయినా సారు చెప్పాడని నమ్మేస్తే నేను నేను కాదు. ఇంట్లో గింజను బండ మీద పెట్టి నూరాను. పిండి అయింది. ఒకటి పట్టుకారుతో మంట మీద పెట్టాను. కరగలేదు, మాడిన అన్నం వాసన వచ్చింది. గుప్పెడు గింజలు విడిగా ఉడకబెట్టి కాసిని నోట్లో వేసుకున్నాను. మెత్తగా, కొంచెం చప్పగా ఉన్నాయి. అన్నమే. అప్పుడు నమ్మాను. పిల్లకు కావలసినదాన్ని ఇన్నాళ్ళు మా కోళ్ళు తిన్నాయి. మా కోళ్ళు ఆ ఏడు నిగనిగలాడుతూ ఉండేవి, పక్కింటి బర్రె సంగతి చెప్పనక్కర్లేదు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె చాట ఆపలేదు.

"గిన్నేండ్ల సంది ఏరుతున్న. ఏది బియ్యమో ఏది కాదో నాకు ఆఫీసోడు చెప్పాల్నా?"

"కోళ్ళు తింటున్నయి గద అత్తమ్మా. ఒక్కటన్న సచ్చిందా?"

"కోడి రాయి గూడ మింగుతది. నీ బిడ్డ కోడా?"

"సారు మందని చెప్పిండు."

"మందైతే దవాఖానల ఇయ్యాలె. బియ్యంల ఏసుడేంది? రేపు ఎవలన్న వచ్చి అన్నంల తేడా గింజ చూస్తే ఎవలిని అంటరు? ఆఫీసోన్నా? నన్నే."

అప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చింది, ఆ రోజు రాయి తగిలితే మీరు నన్నన్నారు కదా అని. అనలేదు. పిల్ల రక్తం సంగతి తేలేదాకా పాత లెక్కలు తీయకూడదనుకున్నాను. నాకు అది చాలా కష్టమైంది.

ఆ వారమంతా ఇంట్లో బియ్యం నేనే పోస్తానని, ఆమే పోస్తానని పెనుగులాట. నేను మిషన్ దగ్గర కూర్చోగానే చాట చప్పుడు వినపడేది. ఒకరోజు ఉన్నట్టుండి ఆమె అంది, "సరే బిడ్డా. మంచిదే అంటున్నవు గద, పెడదాం తియ్." అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. నాకు అనుమానం రావాల్సింది. కానీ పెళ్ళిళ్ళ ముహూర్తాలు, గుట్టలుగా జాకెట్లు, పని మీద పడి పట్టించుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దారపు ఉండ కోసం ఇంట్లోకి వచ్చాను. పిల్ల చిన్న గిన్నె ముందు పెట్టుకొని, ముఖం వికారంగా పెట్టి, ముద్దలా ఉన్న అన్నం చెంచాతో తింటోంది. ఎదురుగా అత్తమ్మ కాపలా కూర్చుంది.

"ఏంది తింటున్నవ్?"

"అవ్వ తినమన్నదమ్మా. మందంట."

గిన్నెలోకి చూశాను. మొత్తం ఆ గింజలే. మామూలు బియ్యం ఒక్కటీ లేదు. అత్తమ్మ ఏరడం మానలేదు. ఏరినవి కోళ్ళకు వేయకుండా కూడబెట్టి, ఒకేసారి వండి మనవరాలికి పెడుతోంది.

"మంచిదన్నవు గద," అంది నన్ను చూసి. "మంచిదైతే దానికే పెట్టాలె. నీ మొగనికెందుకు? నాకెందుకు ఈ వయసుల రక్తం? అందరం తింటే పిల్లకేం మిగుల్తది?"

గిన్నె లాక్కున్నాను. అప్పటికే పిల్ల సగానికి పైగా తినేసింది. సాయంత్రానికి కడుపు పట్టుకొని మెలికలు తిరిగింది, రెండుసార్లు కక్కింది. మా ఆయన ఆటోలో ఉన్న ప్రయాణికులను దారిలోనే బతిమాలి దింపి వచ్చాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకొని నేను, నా పక్కన అత్తమ్మ. ఆమె దారి పొడుగునా పిల్ల పాదం పట్టుకొని కూర్చుంది. అనడానికి నా దగ్గర చాలా ఉంది గానీ, ఆ చేతిని చూసి దాచుకున్నాను.

దవాఖానలో ఆ నర్సమ్మే ఉంది. సంగతంతా విని, పిల్ల కడుపు నొక్కి చూసి, డాక్టరుకు చూపించి, మందు తాగించింది. భయం లేదంది, ఇంకెప్పుడూ ఇలా చేయొద్దంది. తర్వాత అత్తమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, చాయిల చక్కెర ఏసుకుంటవా?"

"ఏసుకుంట."

"మరి డబ్బల ఉన్న చక్కెరంత ఒక్కసారే బుక్కుతవా?"

"ఎందుకు బుక్కుత? కడుపుల తిప్పుతది."

"ఇగ గిది గూడ గంతే. బియ్యంల కొన్ని కొన్ని కలిపిన్రంటే లెక్క చూసే కలిపిన్రు. ఇంటిల్లిపాది గదే అన్నం తినాలె. ఏరొద్దు. గన్ని నీళ్ళు కడగొద్దు, ఒకటి రెండు నీళ్ళు చాలు. గంజి వంపొద్దు."

"గంజి వంపకపోతె అన్నం ముద్దయితది బిడ్డా," అంది అత్తమ్మ బతిమాలినట్టు.

"నీళ్ళు చూసి పోస్తే ఎందుకయితది? గిన్నేండ్ల సంది వండుతున్నవు, నీకు నేను చెప్పాల్నా?" తర్వాత నా వైపు చూసి, "పిల్ల అన్నం తిన్నంక చాయి తాగుతదా? జెర ఆగినంక తాగనియ్యి. తిన్నది వంటికి పట్టనియ్యి," అంది.

నన్ను ఒకసారి నలుగురిలో అన్నది కూడా ఈ మనిషే. కానీ అత్తమ్మను కసిరినట్టే కసిరి, బయటికి వెళ్ళేటప్పుడు ఆమె చేయి పట్టి మెట్లు దింపింది. ఆ రెండూ గుర్తు పెట్టుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం అత్తమ్మ మళ్ళీ చాట పట్టింది. నేను మిషన్ ఆపి తలుపు దగ్గర నిలబడ్డాను. చెరిగింది, నూక పోగొట్టింది, మట్టిబెడ్డ తీసి విసిరింది. ఒక పసుపు గింజ మీదికి వేలు పోయింది. అక్కడే ఆగింది. పట్టుకున్నదాన్ని వదిలి, వేలితో మెల్లగా బియ్యంలోకి తోసేసింది. అన్నేళ్ళ అలవాటును ఆ వేలు ఒక్కో గింజ దగ్గరా ఆపుకొంటోంది. చాటెడు బియ్యం చూడటానికి ఇదివరకటికంటే ఎక్కువసేపే పట్టింది. కోళ్ళు అరుగు కింద చాలాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాయి.

మొదట్లో అన్నం ముద్దయింది. మా ఆయన గరిటెకు అంటుకున్న అన్నం చూపించి, "గోడకు సున్నం బదులు పూయొచ్చు," అన్నాడు. అత్తమ్మ అతన్ని తిట్టింది, నన్నూ తిట్టింది, ఎసరు తగ్గించింది. మూడో రోజుకు కొలత దొరికింది. గంజి వంచకుండానే మెతుకు మెతుకు విడిపోయే అన్నం వండింది. ఆ తర్వాత అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళకు ఆమే చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి ఆమె ఏరుతుంటే చేయి పట్టుకొని ఆపింది.

"గవి ఏరకు, మందు గింజలు. గట్లనే వండు. గంజి వంపకు, బలమంత బర్రెకే పోతది."

"ఎవరు చెప్పిన్రత్తా?"

"ఎవరో చెప్పుడేంది? నాకెర్కలేదా? మా ఇంట్ల మొదటి సంది గిట్లనే."

నేను లోపల కత్తెర పట్టుకొని విన్నాను. మొదటి నుంచి అట. దీన్ని కూడా గుర్తు పెట్టుకున్నాను. కానీ గల్లీలో ఇప్పుడు ఆ గింజలు ఎవరూ ఏరడం లేదు. నా అర్జీకంటే, ఆ పోస్టరుకంటే అత్తమ్మ మాటే ఎక్కువ పనిచేసింది. అందుకని ఊరుకున్నాను.

కోతలయ్యాయి. బోధన్ రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోశారు, ఆటోలు ఒక పక్క నుంచే నడిచాయి. నర్సమ్మ మళ్ళీ బడికి వచ్చింది. ఈసారి అత్తమ్మ కూడా వస్తానని కొత్త చీర కట్టుకొని వచ్చింది. వేలికి సూది, యంత్రంలో చుక్క. యంత్రం అంకె చూపించేదాకా నేను పిల్ల జడ పట్టుకొనే ఉన్నాను. నొప్పి పెడుతోందని అది రెండుసార్లు చెప్పింది.

"ఆఁ, మంచిగ పెరిగింది," అంది నర్సమ్మ. "ఇట్లనే ఉంచు."

"తిండి పెడుతున్న," అన్నాను, వరుసలో చివరనున్న వాళ్ళకు కూడా వినపడేలా.

నర్సమ్మ తలెత్తి నన్ను వింతగా చూసింది. "పెట్టక ఏం జేస్తవక్కా," అని తర్వాతి పిల్లను పిలిచింది. ఆమెకు ఏమీ గుర్తు లేదు. కొంచెం బాధ అనిపించింది, ఇన్నాళ్ళు నేనొక్కదాన్నే మోశానా అని. కానీ అప్పటికే పిల్ల నా చేతిలోంచి జడ లాక్కొని ఆటల సారు దగ్గరికి పరుగెత్తింది.

గోళీల వల్ల పెరిగిందా, గుడ్ల వల్లనా, ఆ బియ్యం వల్లనా అంటే నేను చెప్పలేను. నర్సమ్మ అన్నీ కలిసే పనిచేస్తాయంది. అత్తమ్మ మాత్రం తన చాట వల్లనే అంటుంది.

తర్వాతి శనివారం పెద్ద కొడప్‌గల్‌లో పోటీలు. మా ఆయన ఆటోలో పట్టినంత మంది ఆడపిల్లలను ఎక్కించుకొని పోయాడు. నేనూ అత్తమ్మా ముందు సీట్లో ఇరుక్కొని కూర్చున్నాం. మొదటి ఆట గెలిచారు, రెండో ఆట ఓడిపోయారు. ఓడిన ఆటలో అంపైరు ఒక ఫౌల్ తప్పుగా ఇచ్చాడు, ఆ సంగతి నేను అక్కడే చెప్పాను. మా పిల్ల రెండు ఆటలూ చివరిదాకా ఉంది. ఒక్కసారీ కూలబడలేదు. మోకాళ్ళ నిండా ఎర్రమట్టి, చెంపలు కూడా ఎర్రగా ఉన్నాయి.

ఇంటికి వచ్చి కాళ్ళు కూడా సరిగ్గా కడుక్కోకుండా కంచం ముందు కూర్చుంది. పప్పుతో తిన్నది, పచ్చడితో తిన్నది, మళ్ళీ పెట్టమంది. అత్తమ్మ పెడుతూ పోయింది. కంచంలో తేడా గింజ ఏదీ కనబడదు, ఉడికాక అన్నీ ఒక్కటే. చివరికి పెరుగు పోసుకొని గిన్నె అడుగు గీకించింది.

"మరి నువ్వేం తింటవమ్మా?" అని అడిగింది, ఖాళీ గిన్నె చూసి.

"నువ్వు తిను," అన్నాను. అత్తమ్మ అప్పటికే బియ్యం కొలిచి నా చేతికిచ్చింది. ఒక్క నీళ్ళు కడిగి ఎసట్లో పోశాను.